అవ్వ మొక్కుకున్న కొమ్ములు

రండి, చాప ఇటు లాక్కుని దగ్గరగా కూర్చోండి. దూరంగా కూర్చుంటే నేను గొంతు పెంచాలి. గొంతు పెంచితే దగ్గొస్తుంది. దగ్గొస్తే పొట్టేలు బెదిరి పారిపోతుంది. ఇది పొట్టేలు కథ మరి. మీరు సంతలో చూసే రకం కాదు, మంచుకొండల్లో తిరిగే అడవి పొట్టేలు. అది మా గుడియాత్తానికి రైలెక్కి వచ్చింది, మా ఆయన పక్కన కూర్చుని.

ముందు మా ఇంటి వరస చెప్పాలి. మా అమ్మ తమ్ముడే నన్ను చేసుకున్నాడు. మా వైపు అది మామూలే. అట్లా మా అమ్మను కన్న అవ్వే నాకు అత్త అయింది. లోకంలో అత్తలంతా కోడలి పుట్టింటివాళ్ళను తిట్టుకుని కడుపు చల్లార్చుకుంటారు. మా అవ్వకు ఆ భాగ్యం లేదు, తిడితే సొంత కూతుర్నే తిట్టుకోవాలి. ఆ లోటంతా ఆమె గంగమ్మ మీద తీర్చుకునేది. వీధి చివర చిన్న గుడి. పొద్దున మొహం కడుక్కోగానే అవ్వ ఆ గడప ముందు నిలబడి, పక్కింటామెతో మాట్లాడినట్టు అమ్మవారితో మాట్లాడేది.

"ఏమమ్మా, వాన పంపిస్తావనుకుంటే గాలి పంపించినావే? నీకు చెవుడా, నాకు మతిమరుపా?"

మాది నేతగాళ్ళ వీధి. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని బతుకంతా కూర్చోవడం ఇష్టం లేక మా మామ పటాలంలో చేరాడు. మామ అంటే మా ఆయనే. తుపాకి పట్టే పటాలం కాదు, పార పట్టే పటాలం. ఉత్తరాన ఎక్కడో, పేరు పలికితే నాలుక మడత పడే కొండల్లో, దొరల బండ్లు పోవడానికి దారులు తవ్వేవాళ్ళు. ఒక చలికాలం అక్కణ్ణించి కబురు రావడం ఆగిపోయింది. మంచు విరిగిపడిందన్నారు, మనుషులు పోయారన్నారు. ఎవరు పోయారో, ఎవరున్నారో చెప్పే నాథుడు లేడు.

అప్పుడు మా అవ్వ గుడికి వెళ్ళి మొక్కుకుంది. మొక్కుకునేదేదో కళ్ళు మూసుకుని మనసులో మొక్కుకోవచ్చు గదా! సరిగ్గా ఆ ముందటి వారమే ఎదురింటామె కొడుక్కి జ్వరం తగ్గిందని పొట్టేల్ని కోయించి, వీధంతా ఆ మాటే చెప్పుకు తిరిగింది. అది మా అవ్వకు పంటి కింద రాయి. అందుకని అందరూ పొంగలి పెడుతున్న వేళ చూసి, నడి గుడిలో నిలబడి గట్టిగా అంది.

"అమ్మా గంగమ్మా! నా కొడుకు నిండు ప్రాణంతో ఇల్లు చేరితే, ఈ గుడియాత్తంలో ఇంతవరకు ఎవురూ చూడని కొమ్ములుండే పొట్టేల్ని నీకిస్తాను. కొందురు ఇచ్చినట్టు కొమ్ము మొలిచీ మొలవని బక్కదాన్ని కాదు!"

ఎదురింటామె విన్నది. పూజారి విన్నాడు. వీధంతా విన్నది. గంగమ్మ కూడా విన్నదని మాకు ఎండాకాలంలో తెలిసింది.

మామ బతికే ఉన్నాడని, పటాలం నుంచి విడుదలై వస్తున్నాడని కబురొచ్చింది. కాట్పాడిలో రైలు దిగి వేలూరు కోట దగ్గర ఉంటానన్నాడు. నేనూ అవ్వా ముందురోజే వేలూరు పోయి, తొరపాడిలో చుట్టాలింట్లో దిగాం. నేను తలంటుకుని, పూలు పెట్టుకుని, చీర తెస్తాడా, గాజులు తెస్తాడా అని దారంతా లెక్కలేసుకుంటూ నడిచాను.

వేలూరు గురించి మా వైపు ఒక మాట ఉంది: సామి లేని గుడి, రాజు లేని కోట, నీళ్ళు లేని ఏరు, చెట్టు లేని కొండ. ఆ రోజు వాటికి పొట్టేలు లేని తాడు కూడా కలిసింది. కోట వాకిట్లో గుంపు. గుంపు నడుమ మా మామ. ముందు నాకు కనపడింది ఆయన కాదు, మీసం. పోయేటప్పుడు ముక్కు కింద చీమల బారులా ఉండేది. ఇప్పుడు రెండు చెంపల మీదా చుట్టలు చుట్టుకుని, కొసలు కళ్ళను పొడుస్తాయేమో అన్నట్టు పైకి లేచి ఉంది. కాళ్ళకు బూట్లు. చేతిలో తెగిన తాడు. గుంపంతా తలలెత్తి కోట గోడకేసి చూస్తున్నారు.

గోడ మీద పొట్టేలు ఉంది. రాళ్ళ సందుల్లో గిట్టలు ఆనించి, బల్లి పాకినట్టు పాకి ఎక్కిందట. కింద అగడ్త, పైన ఆకాశం, నడుమ అది. ఎర్రమట్టి రంగు ఒళ్ళు, జింక కాళ్ళు, మెడ కింద రొమ్ము దాకా వేలాడే నల్లటి గడ్డం. కొమ్ములంటారా, మనిషి ముంజేయంత లావు. తల వెనక్కి పోయి, గుండ్రంగా తిరిగి, మళ్ళీ చెంపల దగ్గరికొచ్చి ఆగాయి. ఒక పోలీసాయన కింద నిలబడి దిగమని దానికి అరవంలో ఆజ్ఞలిస్తున్నాడు.

"ఏయ్! ఇరంగు! సర్కార్ గోడ, తెలియదా? ఇరంగు!"

పొట్టేలుకు అరవం రాదు. మా మామ సంచిలోంచి ఇంత ఉప్పు తీసి అరచేతిలో పోసుకుని, నాలుక మడిచి ఈల వేశాడు. అది గోడ మీంచి రాయి రాయికీ గెంతుకుంటూ దిగి వచ్చి, పోలీసాయన్ని పక్కకు నెట్టి, మామ అరచెయ్యి నాకింది.

"ఏమి మామా, ఇదేనా నాకు తెచ్చింది?" అన్నాను.

"చీర చినిగిపోతుంది మే. ఇది చూడు, ఎట్ల నిలబడుండాదో!" అన్నాడు మహా గొప్పగా.

నేను అవ్వకేసి తిరిగాను, నా తరఫున నాలుగు తిడుతుందని. అవ్వ కొడుకును చూడటం లేదు. కొమ్ములను చూస్తోంది.  చూసి చెంపలేసుకుంది. కళ్ళలో నీళ్ళు.

"ఎందుకు మా ఏడస్తావు? వచ్చేసినాను గదా."

"నువ్వు వచ్చినావు నాయనా. నా మొక్కూ నీతోనే నడిచొచ్చింది."

సంగతి విన్నాక మామ మొహంలో నెత్తురు లేదు. గుడియాత్తం చేరేదాకా బతిమాలాడు.

"వేరేది ఇద్దాం మా. నాట్రంపల్లి సంతకు పోయి ఏనుగంత పొట్టేల్ని తోలుకొస్తాను."

"ఏనుగంతది అని నేను అనలేదురా. ఎవురూ చూడని కొమ్ములు అన్నాను. నోరు జారింది. జారిన నోరు నాది, విన్న చెవులు వీధివి."

"గంగమ్మకు చెప్పుకోగూడదా? దినామూ మాట్లాడతావే!"

"ఇంకేదన్నా అయితే పోట్లాడుదును. మొక్కు తీర్చకపోతే అమ్మ ఇచ్చిందాన్ని వెనక్కి తీసుకుంటుంది. ఆమె ఇచ్చింది నిన్ను. నిన్ను పెట్టుకుని బేరమాడమంటావా?"

  గంగమ్మ పండగకు ఇంక నెల కూడా లేదు.

ఇంట్లో ఆయన బూట్లు గడప బయట విప్పేవాడు గానీ మేజోళ్ళు మాత్రం విప్పేవాడు కాదు. అన్నం తినేటప్పుడూ మేజోళ్ళే, పడుకునేటప్పుడూ మేజోళ్ళే. "దొరబిడ్డ వచ్చినాడు" అని వీధి నవ్వింది. ఎందుకో నాకొక్కదానికే చెప్పాడు. ఆ కొండల మీద చెట్టుండదట, గడ్డి కూడా వెతుక్కోవాల్సిందేనట. వీళ్ళు కింద దారి తవ్వుతుంటే ఈ పొట్టేళ్ళు మంద మందగా పైన రాతి అంచుల మీద నిలబడి, తీరుబడిగా చూసేవట, పెళ్ళి చూడొచ్చిన చుట్టాల్లాగా. వాటి గిట్టల కింద రాళ్ళు జారి ఒకసారి దొర టోపీ మీద పడ్డాయట. దొర తుపాకి తీశాడు. తల్లి పోయింది, పిల్ల మిగిలింది. మామ దానికి డబ్బా పాలు పట్టి, కొమ్ములు తిరిగేదాకా ఏళ్ళ తరబడి పెంచాడు. మంచు విరిగిపడిన ఆ చలికాలం వీళ్ళ డేరా కప్పబడిపోయింది. బయటికి లాగేదాకా అది ఆయన కాళ్ళ మీద పడుకుని ఉంది.

"ఎడమ కాలు దీని కడుపు కింద ఉణ్ణింది. వేళ్ళన్నీ మిగిలినాయి. కుడికాలు బయట ఉణ్ణింది," అని మేజోడు విప్పి చూపించాడు. కుడికాలికి చివరి వేళ్ళు రెండు లేవు. "అమ్మకు చెప్పొద్దు మే. నిండు ప్రాణంతో రావాలని మొక్కుకునింది. రెండు వేళ్ళు తక్కువని తెలిస్తే గంగమ్మతో తగువుకు పోతుంది."

పొట్టేలు మాత్రం మా వీధిలో జమీందారులా బతికింది. మా వీధిలో పొద్దున్నే పడుగు నూలు బారుగా పరిచి గంజి పట్టించేవాళ్ళు. ఆ చివర ఆడవాళ్ళు గంజి పూసుకుంటూ వస్తుంటే, ఈ చివరి నుంచి అది నాక్కుంటూ వెళ్ళేది. గడ్డం నిండా గంజి, గంజికి అంటుకుని పోగులు.

"ఏమత్తా, మీ అడివి అల్లుడు మా పడుగంతా నాకేసినాడు!" అని ఎదురింటామె గోల.

"గంగమ్మ పొట్టేలు అది. నాకనీ, నీకే పుణ్యం," అనేది మా అవ్వ. మొక్కు పేరు చెప్పి అది చేసిన ప్రతి పాపాన్నీ మాపేది. దగ్గరికి వస్తే "థూ, ముదనష్టపుదానా, గడ్డపోడా" అని తిట్టేది. తిడుతూనే తన వక్కాకు సంచిలోంచి లేత తమలపాకు తీసి నోటికందించేది. నేను చూశానని తెలిస్తే, "చచ్చేది గదా, తినిపోనీ" అనేది.

పూజారి దినామూ వచ్చేవాడు. పొట్టేలు తల పూజారికి చెందుతుంది, అది మా వైపు ఆనవాయితీ. ఆయన దాన్ని చూసే చూపు, పెళ్ళికొడుకు తండ్రి కోడలి మెడ చూసే చూపు. ఆ కొమ్ముతో ఊదే బూర చేయించుకుంటానని అప్పుడే ఊరంతా చెప్పుకున్నాడు.

మా గుడియాత్తం ఎండ మీకు తెలుసు గదా, కౌండిన్య ఏటి ఇసుకలో పేలాలు వేయించొచ్చు. మంచులో పుట్టిన జీవం నాలుక బయటపెట్టి రొప్పేది. మామ మధ్యాహ్నం పూట బావి నీళ్ళు తోడి దాని నెత్తిన పోసేవాడు. వీపు మీద, గడ్డం మీద, చెవుల్లో కూడా. అది కళ్ళు అరమూతలు వేసుకుని, సన్నికల్లులా కదలకుండా నిలబడేది.

"నాకు ఒక్కనాడన్నా అట్ల నీళ్ళు పోసినావా మామా?" అన్నాను.

"నీకు గడ్డం మొలవనీ మే, పోస్తాను."

పండగ రోజొచ్చింది. ఊరంతా అమ్మవారి తల ఊరేగించే సిరసు పండగ సంబరంలో ఉంటే, మా వీధి చిన్న గంగమ్మకూ ఆ పూటే పొంగలి, పొట్టేళ్ళు. పొట్టేలుకు పసుపు రాసి, మెడలో వేపాకు దండ వేశారు. అది దండలో సగం దారిలోనే తినేసింది. మామ వెనకాల నడిచాడు, తల ఎత్తకుండా. మీసానికి మాత్రం ఆముదం రాసుకున్నాడు. బాధలో కూడా ఆ మీసాన్ని మరిచిపోలేదు మహానుభావుడు.

మా దగ్గర పొట్టేల్ని ఊరికే కోయరు. పసుపునీళ్ళు దాని మీద పోసి, అమ్మను అడుగుతారు. పొట్టేలు ఒళ్ళంతా విదిలించుకుంటే అమ్మ ఉత్తరవు ఇచ్చినట్టు. విదిలించుకోకపోతే కత్తి ఎత్తకూడదు. మామూలు గొర్రెలకు ఇదో పెద్ద గండం కాదు. ఒక చెంబు నీళ్ళు పడగానే జలదరించి, బుర్రుమని విదిలిస్తాయి. అదే వాటి చివరి తప్పు.

పూజారి ఒక చెంబు పోశాడు. మా పొట్టేలు కళ్ళు అరమూసింది.

ఇంకో చెంబు పోశాడు. అది మెడ చాపింది, ఇంకా పొయ్యమన్నట్టు.

"ఏమప్పా ఇది, గొర్రెనా రాతిబొమ్మనా?" అన్నాడెవరో.

పూజారి దగ్గర ఉపాయాలుంటాయి గదా. చెవిలో నీళ్ళు పోస్తే ఎట్లాంటి జీవమైనా తల విదిలిస్తుంది. ఆ రెండో చెంబులో మిగిలింది రెండు చెవుల్లోనూ పోశాడు. మా పొట్టేలు సుఖంగా ఒక నిట్టూర్పు విడిచి, పూజారి చేతిని నాకింది. మామకేసి చూశాను. ఆయన ఆకాశంలో గద్దను చూస్తున్నాడు. తెలిసే దినామూ నీళ్ళు పోశాడా, ఎండకు జాలిపడి పోశాడా అని ఆ తర్వాత ఎప్పుడడిగినా నవ్వేవాడే గానీ చెప్పలేదు.

వెనక వరుసలో పొట్టేళ్ళతో నిలబడ్డవాళ్ళు కేకలు మొదలుపెట్టారు. "ఎంత సేపప్పా! మా పొంగలి మాడిపోతా ఉండాది!" ఎదురింటామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. అవ్వ ఇక తాళలేకపోయింది. అమ్మవారి ఎదుటికి పోయి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏమమ్మా, నీకు కావల్నా వద్దా? కావలంటే కావలను, వద్దంటే వద్దను. ముసలిదాన్ని, కాళ్ళు లాగతా ఉండాయి. బిడ్డను ఇచ్చేటప్పుడు బిరబిర ఇస్తివి, ఇప్పుడేమి ఈ బెట్టు?"

గొంతులో తెగువ ఉంది గానీ, మాటకొకసారి వెనక్కి తిరిగి కొడుకును చూసుకుంటోంది. అమ్మ మొక్కు వద్దన్నదంటే కోపంగా ఉన్నట్టేనేమో, కొడుకును వెనక్కి తీసుకుంటుందేమో. ఆ భయమే.

మూడుసార్లు అడగడం ఆచారం. మూడోసారి కడవ ఎత్తి మొత్తం కుమ్మరించాడు పూజారి. వాకిలంతా నీళ్ళు. పొట్టేలు కదల్లేదు. పెద్దలు తలలూపారు. పూజారికి ప్రాణం పోతున్నట్టుంది, అయినా ఏం చేస్తాడు, దండ తెంచి తాడు విప్పి, "ఉత్తరవు రాలేదు. అమ్మకు వద్దు," అన్నాడు.

పొట్టేలు నింపాదిగా నీడకు నడిచింది. పూజారి పక్కన ఆగింది. ఆగి, గడ్డం నుంచి తోక దాకా ఒళ్ళంతా ఎట్లా విదిలించిందంటే, పసుపునీళ్ళు పూజారి నెత్తి మీద, బొజ్జ మీద, వెనక వరుసలో వాళ్ళ పొంగలి కుండల్లో కూడా పడ్డాయి.

పూజారి ఎగిరి గంతేశాడు. "ఇచ్చింది! ఉత్తరవు ఇచ్చింది! పట్టండప్పా దాన్ని!"

మామ ఒక్క ఉరుకున పోయి పొట్టేలు మెడ పట్టుకున్నాడు. గుడి ముందు కాబట్టి బూట్లు లేవు, మేజోళ్ళూ లేవు. తడి నేల మీద ఆయన పాదాలు. అందరూ పొట్టేల్ని చూస్తుంటే అవ్వ ఒక్కతే ఆ పాదాల్ని చూసింది.

"వేళ్ళు యాడరా?" అంది మెల్లగా.

ఇక దాచడానికేముంది, చెప్పేశాడు. డేరా కూలడం, మంచు, కాళ్ళ మీద పడుకున్న పొట్టేలు, అంతా అందరి ముందే. "ఇది పడుకున్నంత మేరా బతికినాను మా. పడుకోని చోటు పోయింది."

 పూజారి మాత్రం కత్తి చేత్తో పట్టుకుని, "అవ్వా, ఉత్తరవు వచ్చింది గదా, కానిద్దామా?" అన్నాడు.

అవ్వ ఆయనకేసి తిరిగింది. అప్పటికి ఆమె నోరు ఆమెకు తిరిగొచ్చేసింది.

"యాడొచ్చింది? అమ్మ మూడుమాట్లు వద్దనింది. నువ్వే తాడు విప్పితివి, నువ్వే వద్దంటివి. తాడు విప్పినాక అది మా ఇంటి పొట్టేలు. తడిసింది, విదిలించుకునింది. నువ్వు తడిస్తే విదిలించుకోవా? గంగమ్మ మాట మార్చేదానికి నీ మాదిరి పూజారనుకున్నావా?"

పెద్దలు నవ్వారు. ఒక పెద్దాయన, "అవ్వ చెప్పింది న్యాయం. దండ తీసేసినాక అడిగేదానికి లేదు," అన్నాడు. పూజారి కత్తి దించి, బొజ్జ మీద పసుపు తుడుచుకున్నాడు.

కానీ మొక్కు అట్లాగే ఉంది గదా. అవ్వ అమ్మవారి ముందు నిలబడి చాలాసేపు ఆలోచించింది. ఆ తర్వాత తిరిగి, కొడుకు మొహాన్ని తేరిపార చూసింది. ఆ చూపు చూడగానే మామ రెండు చేతులతో మీసం మూసుకున్నాడు.

"వద్దు మా."

"ఎవురూ చూడని కొమ్ములన్నాను. ఈ గుడియాత్తంలో ఇట్లాంటివి ఎవురన్నా చూసినారా? చెప్పండప్పా!"

"చూడలేదవ్వా!" అని వీధంతా అరిచింది. అందరికంటే గట్టిగా ఎదురింటామె.

"మా, దానికి ఏడేండ్లు నూనె పోసినాను మా."

"పొట్టేలా, మీసమా? నువ్వే చెప్పు నాయనా. అమ్మ ఎదురు చూస్తా ఉండాది."

మామ పొట్టేలుకేసి చూశాడు. అది పక్కవాళ్ళ దండ నములుతోంది. ఆయన ఇంకేమీ అనకుండా పోయి మంగలి ముందు చతికిలబడ్డాడు. పిల్లల గుండ్లు గీయడానికి వచ్చిన మంగలి చేతికి అట్లాంటి పని ఎన్నడూ దొరకలేదు. పెదవి మీద కత్తి పెట్టేముందు, నలుగురూ చూస్తుండగా, మామ కళ్ళు తుడుచుకున్నాడు. మంచు కింద ఏడవని మనిషి. మీసం రెండు చుట్టలూ అట్లాగే చెదరకుండా ఊడి వచ్చాయి. అవ్వ వాటిని తమలపాకులో పెట్టి, పసుపు చల్లి, అమ్మవారి పాదాల దగ్గర పెట్టింది.

"ఇదోమ్మా నీ కొమ్ములు. రెండు వేళ్ళు నువ్వు ముందే తీసుకునింటివి, నేను అడగలేదు. ఇంతటితో నీకూ నాకూ సరి."

పొట్టేలు ఆ తర్వాత చాలా ఏళ్ళు మా ఇంట్లోనే ఉంది. పొద్దున ఊరి వెనక రాతిగుట్ట ఎక్కి, పైన నిలబడి కింద వీధుల్ని చూసేది, దారి తవ్వుతున్నామేమో అని. సాయంత్రం ఈల వేస్తే దిగి వచ్చేది. మామకు మీసం మళ్ళీ మొలిచింది గానీ చుట్ట తిరగలేదు, ఎంత నూనె పోసినా కిందికే వాలేది. అవ్వ గుడికి వెళ్ళినప్పుడల్లా ఆ సంగతి గంగమ్మకు గుర్తు చేసేది. "చూసినావా, మంచిదాన్నే ఇచ్చినాను నీకు."

ఇక లేవండి, పొద్దు వాలింది. మీ ఇంట్లో బయటికి పోయినవాళ్ళంతా నిండుగా తిరిగి రావాలి. వేలు తగ్గినా, మీసం తగ్గినా, అన్నం ముందు మనిషి తగ్గకూడదు. మీ ఇంటి ముసలివాళ్ళ నోరు ఎంత జారినా అమ్మ నవ్వి ఊరుకోవాలి. మీ వాకిట్లో ఏ జీవం ఒళ్ళు విదిలించుకున్నా, ఆ వేళకు పూజారి తాడు విప్పేసి ఉండాలి. చల్లగా ఉండండి.